అత్తమ్మ నడక లెక్క

మా ఆయన దయాకర్ కొత్త వస్తువు కనపడితే ఆగలేడు. శేరిగూడలో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ల్యాబ్ అసిస్టెంట్ ఉద్యోగం ఆయనది. మా ఇంట్లో ఏ సొరుగు లాగినా వైర్లూ, చార్జర్లూ, ఎందుకు పనికొస్తాయో ఆయనకే తెలియని డబ్బాలూ కాళ్ల మీద పడతాయి. వాళ్లమ్మకు, అంటే మా అత్తమ్మ మైసమ్మకు, కుడి మోకాలి ఆపరేషన్ చేయించి ఇంటికి తెచ్చిన వారానికే చేతికి కట్టుకునే నల్ల పట్టీ ఒకటి కొనుక్కొచ్చాడు. చూడ్డానికి గడియారంలాగే ఉంది. కట్టుకున్న మనిషి రోజుకు ఎన్ని అడుగులు వేసిందీ లెక్కపెట్టి చూపిస్తుందట.

అడుగుల సంగతి నాకు చెప్పాడు. వాళ్లమ్మకు మాత్రం ఇలా చెప్పాడు: "అమ్మా, చెయ్యి ఇటియ్యి. దీన్ని ఇగ ఇప్పొద్దు. దినాం దీంట్ల మూడు వేలు నిండాలె. నిండితె జుమ్మంటది, నీకే ఎర్కయితది. గట్ల నిండితెనే నీ కాలు మంచిగయితది."

అత్తమ్మ సూది వేయించుకుంటున్నట్టు చెయ్యి చాపి మొహం అటు తిప్పుకుంది. "ఎవలు జూస్తర్రా ఈ లెక్క?" అని అడిగింది.

"అందరం జూస్తం. నా ఫోన్ల వస్తది, మంజుల ఫోన్ల వస్తది, అరుణ ఫోన్ల వస్తది. డాక్టర్ సారుకు గూడ జూపియ్యాలె."

"అట్లనా," అంది అత్తమ్మ.

మంజులను నేను. ఇబ్రహీంపట్నం డిపోలో కండక్టర్ని. నాకు కోపం ఎక్కువని డిపోలో, ఇంట్లో ఒకే మాట అంటారు. సాగర్ రోడ్డు మీద పొద్దున కాలేజీ పిల్లల రద్దీలో ఒక్క ట్రిప్పు నా మిషన్ పట్టుకొని నిలబడి చూడండి, మీకూ వస్తుంది. ఆడవాళ్లకు టికెట్ ఉచితమైనప్పటి నుంచి అందరికీ జీరో టికెట్ కొట్టి చేతికివ్వాలి, ఒక్కరిని మరిచిపోయినా చెకింగ్‌లో మాట పడేది నేనే. అందుకని మనిషి మొహం చూసి ఎక్కడ ఎక్కిందో, ఎక్కడ దిగుతుందో, అబద్ధమాడుతుందో లేదో చెప్పడం నాకు అలవాటైపోయింది.

మేముండేది చెరువు వైపు వెంచర్లో. ఇప్పుడు రోడ్ నంబర్ ఒకటి, రెండు అని నీలం బోర్డులున్న ఈ జాగంతా ఒకప్పుడు మా అత్తగారి వాళ్ల చేను, పక్కవాళ్ల చేన్లు. హైదరాబాద్ ఇటే వస్తోందని ఎక్కడ చూసినా రంగురంగుల జెండాలు పాతిన రోజుల్లో మామ బాలనర్సింహ అందరితో పాటు అమ్మేశాడు. ఒక మూలన మాత్రం ఒక ప్లాటు మాకే వదలమని పట్టుబట్టాడు. ఆ ప్లాటులోనే ఇల్లు కట్టుకున్నాం. ఆ తర్వాత కొన్నేళ్లకు ఆయన హెర్నియా ఆపరేషన్‌కని తన కాళ్ల మీద తనే నడుచుకుంటూ దవాఖానకు పోయాడు. మత్తు ఇచ్చారు. మళ్లీ లేవలేదు. అప్పటి నుంచి అత్తమ్మకు మత్తు అన్న మాటంటేనే వణుకు. మోకాలి ఆపరేషన్‌కు కూడా నడుముకు మాత్రమే సూది వేస్తామని, తెలివితోనే ఉంటావని డాక్టర్‌తో చెప్పించాకే ఒప్పుకుంది.

పట్టీ కట్టిన రెండో రోజే మూడు వేలు నిండాయి. వారం తిరిగేసరికి అయిదు వేలు దాటాయి. దయాకర్ సంబరం చూడాలి! రోజూ రాత్రి ఆ అంకెను ఫొటో తీసి చుట్టాల వాట్సాప్ గ్రూపులో పెట్టేవాడు. మా ఆడబిడ్డ అరుణ వనస్థలిపురంలో ఉంటుంది. ఖరీదైన బూట్లు వేసుకొని రోజూ పార్కులో తిరుగుతుంది. ఆమె చేతికీ ఇలాంటిదే ఒకటుంది. పదిరోజుల్లో వాళ్లమ్మ ఆమెను దాటిపోయింది.

అరుణ ఉండబట్టలేక నాకు ఫోన్ చేసింది. "వదినా, నిజం జెప్పు. గది అమ్మ చేతికే ఉన్నదా, లేకుంటె మీ గల్లీల కుక్క మెడకు కట్టిర్రా?"

"నీ తల్లి చేతికే ఉన్నది. నువ్వే జర జల్ది జల్ది నడువు," అని పెట్టేశాను. పెట్టేశానే గాని ఆ మాట నా బుర్రలో తిరుగుతూనే ఉంది.

ఎందుకంటే పొద్దున నేను డ్యూటీకి పోయేటప్పుడు అత్తమ్మ వరండాలో కుర్చీలో కూర్చొని ఉంటుంది. సాయంత్రం నేను వచ్చేసరికి అదే కుర్చీలో, అదే కాలు అలాగే చాపుకొని ఉంటుంది. ఒకరోజు ఆమె చెప్పులు తిప్పి చూశాను. అడుగున మట్టి లేదు.

"అత్తమ్మా, ఇయ్యాల ఏడికి పోయినవ్?"

"ఏడికి పోతనే? ఇంట్లనే ఉన్న."

"మరి గిన్ని వేలు ఎట్ల నిండినయ్?"

"నిండినయ్ గదా!" అంది గర్వంగా, చెయ్యెత్తి చూపించి.

ఆ మొహంలో అబద్ధం లేదు. నా కళ్లు ఈ విషయంలో మోసపోవు. దయాకర్‌తో అంటే, "యంత్రం తప్పు జెప్తదానె? నేను కాలేజికి, నువ్వు బస్సుకు పోయినంక ఇల్లంత తిరుగుతుండొచ్చు," అన్నాడు. ల్యాబ్ అసిస్టెంట్ కదా, యంత్రాన్ని అనుమానిస్తే ఆయన కులదైవాన్ని తిట్టినట్టే.

నెల దాటాక చెకప్‌కు తీసుకుపోయాం. డాక్టర్ మొదట దయాకర్ ఫోన్ చూసి ముచ్చటపడ్డాడు. "రోజుకు ఎనిమిది వేలా! అమ్మా, మా స్టాఫ్‌కు మిమ్మల్ని చూపించాలి," అన్నాడు. తర్వాత మోకాలు పట్టుకొని వంచబోయాడు. అత్తమ్మ కెవ్వుమంది. మోకాలు కొద్దిగా వంగి ఆగిపోయింది. ఆయన మళ్లీ ఫోన్ చూశాడు, మళ్లీ మోకాలు చూశాడు.

"ఇంత నడిచే మనిషికి ఇలా బిగుసుకుపోకూడదు. నడక లోపం కాదిది. లోపల కండ అతుక్కుపోయినట్టుంది. ఇంకో మూడు వారాలు చూద్దాం. అప్పటికీ వంగకపోతే పూర్తి మత్తు ఇచ్చి మేమే వంచాల్సి ఉంటుంది."

బయటికొచ్చాక అత్తమ్మ నా కొంగు పట్టుకుంది. ఇంటికి చేరేదాకా వదలలేదు. ఆటో దిగుతూ, "మంజులా, నాకు మత్తొద్దే. మీ మామ లెక్క నేను గూడ లెవ్వనే," అంది. ఇరవై ఏళ్లలో ఆమె నన్ను ఒక కోరిక కోరడం అదే మొదటిసారి. నేను కొత్త కోడలిగా వచ్చిన నాటి నుంచి ఆమె చెప్పడమే, నేను వినడమే.

ఆ మర్నాటి నుంచి లెక్క ఇంకా పెరిగింది. పదివేలు, పన్నెండు వేలు. ఒకరోజు పద్నాలుగు వేలు! అంత నడిచినామె రాత్రి బాత్రూముకు పోవడానికి గోడ పట్టుకుంటోంది. మూడు వారాల్లో ఒక వారం అలా గడిచిపోయింది.

ఆ వారం చివర్లో నాది సాయంత్రం దాకా డ్యూటీ. తోటి కండక్టర్ ఒకామె తన పనుండి షిఫ్టు మార్చుకుందామంటే సరేనని మధ్యాహ్నమే దిగిపోయాను. చెప్పా పెట్టకుండా ఇంటికి వచ్చాను. గేటు దగ్గరికి రాగానే ఒక చప్పుడు వినపడింది.

చెర్... చెర్... టప్. చెర్... చెర్... టప్.

ఎన్నేళ్లయిందో ఆ చప్పుడు విని! కాళ్లు అక్కడే ఆగిపోయాయి. అది మా అత్తమ్మ చేట చప్పుడు. వందమంది చెరుగుతున్నా నేను గుర్తుపడతాను.

నాది కోహెడ. మాకు తోటలుండేవి గాని వరి లేదు. పెళ్లయి వచ్చిన ఏడాదే కళ్లం మీదికి పోవాల్సి వచ్చింది. పేడతో అలికిన కళ్లం, మధ్యలో వడ్ల కుప్ప, చుట్టూ చీరలు బిగించి కట్టిన ఆడవాళ్లు. అందరూ గాలి కోసం ఎదురుచూస్తున్నారు. సాయంత్రం చెరువు మీంచి గాలి లేస్తుంది. మామ తువ్వాల విసిరి గాలి ఎటు పోతోందో చూసేవాడు. "మైసా, లే!" అనేవాడు. అత్తమ్మ ముక్కాలి పీట మీదికెక్కి, చేట తలపైకెత్తి వడ్లు వదిలేది. గట్టి గింజ తిన్నగా ఆమె కాళ్ల దగ్గర పడేది, తాలు దూరంగా ఎగిరిపోయేది. ఆ ధూళిలో పొద్దు గుంకేది. నేను నోరు తెరుచుకొని చూస్తుంటే, "నోరు మూస్కోవే కోహెడ పిల్లా, తాలంత నోట్లెకే పోతది," అని తిట్టేది. నాకు చేట పట్టించి నేర్పబోతే సగం గింజలు నేలపాలయ్యాయి. ఊరంతా నవ్వింది. చుట్టుపక్కల ఎవరి కళ్లమైనా, చివరి కుప్ప చెరగాలంటే మైసమ్మనే పిలిచేవాళ్లు. తెల్లవారుజామునే చేట చంకన పెట్టుకొని పోయేది. నేను ఆమెను చూసి భయపడ్డాను, కుళ్లుకున్నాను కూడా. ఇప్పుడు గేటు పట్టుకొని నిలబడితే ఆ ధూళి వాసన నిజంగానే ముక్కుకు తగిలింది. అవి ఎంత మంచి రోజులో అప్పుడు తెలియలేదు.

లోపలికి తొంగిచూశాను. అత్తమ్మ కుర్చీలోనే ఉంది. ఆపరేషన్ కాలు స్టూలు మీద కర్రలా చాపి ఉంది. ఒళ్లో చేట. చుట్టూ మా వెంచర్ ఆడవాళ్లు నలుగురు, ఒక్కొక్కరి ముందు ఒక్కొక్క సంచి. ఖమ్మం వైపు నుంచి వచ్చి రోడ్ నంబర్ మూడులో ఉంటున్న లీదియా టీచర్ నన్ను చూసి లేచి నిలబడింది.

"మంజులక్కా, మా ఊరి బియ్యం. మెరిగెలు, రాళ్లు చాలా ఉన్నాయి. నాకు చెరగడం రాదు. పెద్దమ్మ తెమ్మంది..."

నేను ఆమె మాట వినడం లేదు. అత్తమ్మ చేతి పట్టీనే చూస్తున్నాను. చేట ఒకసారి ఎగిరితే అంకె ఒకటి పెరుగుతోంది. మళ్లీ ఎగిరితే మళ్లీ. నా కళ్ల ముందే పట్టీ జుమ్మని మోగింది. ఆ చిన్న అద్దంలో ఏవో పువ్వులు రాలాయి. కుర్చీలోంచి కదలకుండా అత్తమ్మ ఆ రోజు నడక పూర్తి చేసింది!

నాకు మొదట వచ్చింది కోపమే. "అందరు లేచిపోండి!" అని బస్సులో అరిచినట్టు అరిచాను. పాపం, సంచులు అక్కడే వదిలేసి పోయారు.

"ఏందే గట్ల మీద వడ్తవ్?" అంది అత్తమ్మ. "ఇంటికొచ్చినోళ్లతోని గట్లనేనా మాట్లాడేది?"

"డాక్టర్ నడువుమన్నడు నిన్ను! నువ్వు ఇక్కడ కూసొని చేట ఊపుకుంట అందర్ని మోసం జేస్తున్నవా?"

మోసం అన్న మాటకు అత్తమ్మ మొహం చిన్నబోయింది. చేట పక్కన పెట్టింది.

"మోసమేందే? పని జేస్తున్న. లెక్క నిండుతలేదా? సూడు," అని చెయ్యి నా ముందుకు చాపింది. "ఉత్తగ కూసుంటె ఒక్కటి గూడ పెరగది. చేట పట్టిననా, పెరుగుతది. రోలుల దంచిన, పెరిగింది. గిది పని లెక్కవెట్టేది గాదా?"

ఆమె నిజంగానే అలా నమ్మింది. మేస్త్రి కళ్లెదురుగా బతుకంతా కూలి చేసిన మనిషి. మునుం పట్టి నాట్లేసినా, ఉపాధి పనిలో మట్టి తీసినా, సాయంత్రం ఎంత పని అయిందో ఎవరో ఒకరు కొలిచేవాళ్లు. కొడుకు చేతికి ఒక యంత్రం కట్టి, దినం లెక్క నిండాలి, అందరం చూస్తాం అంటే ఇంకేమనుకుంటుంది?

"అది అడుగులు లెక్కవెట్టేది అత్తమ్మా. నడక."

"నడకనా?" అత్తమ్మ నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. "నడుసుడు పనెట్లయితదే? నడుసుడు పనికి పోయెటందుకు. పనికాడికి పోయినంక పని సురువయితది. నడిచినదానికి ఎవలన్న లెక్కవెడ్తరా?"

నేను నేల మీద కూలబడ్డాను. కోపం ఎటు పోయిందో పోయింది. "మరి డాక్టర్ నడువుమంటే ఎందుకు నడుస్తలేవ్?"

"ఏడికి నడువాలె?" అంది. "చెప్పు, ఏడికి నడువాలె? చేనున్నదా, కళ్లమున్నదా, బర్లున్నయా? ఏం పని లేకుంట ఈ కాంపౌండు సుట్టు తిరిగితె సూసెటోళ్లు నవ్వరా? నీళ్లకు పోవుడు లేదు, నల్లా ఇంట్లనే వస్తది. నువ్వు పొద్దుగాల చీకట్ల లేచి వండిపెట్టి, బస్సెక్కి, మాపటికి కాళ్లీడ్సుకుంట వస్తవ్. నేను కూసొని తింటున్న. నా లెక్కన్న నిండాలె గదానే. డాక్టర్ మత్తిస్తనంగనె ఇంక జల్ది జల్ది జేసిన. రెక్కలు పడిపోతున్నయ్. ఐనా కాలు వంగుతలేదు. ఎందుకు వంగుతలేదే మంజులా?"

ఏడుపు వచ్చింది నాకు. ఏడ్చాను కూడా, దాచుకోలేదు. ఆమె నన్ను చూసి, కొంగు చివరతో నా కళ్లు తుడిచి, "నువ్వెందుకేడుస్తున్నవే, కాలు నాది గదా," అంది.

సాయంత్రం దయాకర్ వచ్చాక సంగతి చెప్పి, ఆయన యంత్రాన్ని, ఆయనను కలిపి కడిగేశాను. పాపం ఆ మనిషి గ్రూపులో పెట్టిన ఫొటోలు తీసేయాలా వద్దా అని రాత్రంతా మథనపడ్డాడు.

మర్నాడు నాది మధ్యాహ్నం తర్వాత డ్యూటీ. పొద్దున్నే ఆ నలుగురి ఇళ్లకూ వెళ్లాను. ముందు రోజు అరిచినందుకు మాటలు పడడానికి సిద్ధపడే వెళ్లాను గాని ఎవరూ ఏమీ అనలేదు. "ఇగనుంచి ఎవ్వరు మా ఇంటికి బియ్యం తేవద్దు. ఆమెనే మీ ఇంటికొస్తది. బియ్యం మీ ఇంట్లనే ఉంచుర్రి. ఆమె వచ్చి చెరుగుతది, అటెనక నడుసుకుంట ఇంటికొస్తది. ఎవ్వరు బండి మీద దింపొద్దు," అని చెప్పాను. లీదియా టీచర్ అర్థం చేసుకుంది. ఒకరి ఇల్లు అయ్యాక ఒకరిదని పొద్దున, సాయంత్రం వేళలు తనే మాట్లాడి పెట్టింది. తన స్కూల్లో తోటి టీచర్లకు కూడా చెప్పింది.

"పనికి రమ్మంటున్నరు అత్తమ్మా, పోతవా?" అని అడిగాను.

"పిలిచిర్రా?" అంది. అంతే. మధ్యాహ్నానికల్లా తలకు నూనె పెట్టి దువ్వుకుంది. మడత చీర కట్టుకుంది. చేట చంకన పెట్టింది. రెండో చేతిలో ఊతకర్ర. గేటు దాటి మొదటి అడుగు వేస్తూ, కళ్లం మీద వడ్లు కొలిచేటప్పుడు మొదటి కుంచానికి అనే మాట అంది. "లాభం," అంది. ఒకటి అనకూడదు కదా, శుభానికి లాభం అనాలి. తర్వాత "రెండు, మూడు" అనుకుంటూ పోయింది. నేను గేటు దగ్గరే నిలబడి ఆమె మలుపు తిరిగేదాకా చూశాను. నొప్పికి పెదవి కొరుక్కుంటోంది గాని ఆగడం లేదు. పనికి ఆలస్యమవుతుందని మొహంలో తొందర.

మొదటి రోజు నాలుగిళ్ల అవతలికి పోయి వచ్చి రాత్రంతా మూలిగింది. మర్నాడు మానేస్తుందనుకున్నాను. మానలేదు. "చెప్పినంక పోకుంటె ఎట్లనే," అంది. పొద్దున మంచం మీద నేను, దయాకర్ పట్టుకొని మోకాలు వంచే వ్యాయామం చేయిస్తే ఇదివరకు తిట్టేది. ఇప్పుడు పళ్లు బిగించి, "ఇంక జర వంచుర్రి, ఆ టీచర్ ఇంటికాడ రెండు మెట్లున్నయ్," అనేది. రెండో వారంలో ఊతకర్ర ఇంట్లో మరిచిపోయి పోయింది. పట్టీలో అంకె మాత్రం మూడు వేలకు అటూ ఇటూగానే ఉండేది. ఒక్కోరోజు అదీ నిండేది కాదు. ఆమె చేట పట్టే ముందు పట్టీ విప్పి పక్కన పెట్టేది. "దీనికి పని ఎర్కలేదు, దీన్నెందుకు పరేషాన్ జేసుడు," అనేది.

చెకప్‌కు ముందు నా వీక్లీ ఆఫ్ వచ్చింది. సాయంత్రం ఆమె వెంట నేనూ నడిచాను. కొత్తగా ఇల్లు కట్టుకున్నవాళ్లు చెరువు వైపు చివర్లో ఉన్నారు, వాళ్ల ఊరి కందులు చెరగాలట. దారి పొడవునా ఆమెకు రోడ్ నంబర్లు లేవు. "ఇది మన ఒర్రె మడి. గీడ తుమ్మచెట్టుండె. గీ ఇల్లున్న కాడ మీ మామకు పాము కనవడ్డది," అంటూ పోతోంది. నాకూ ఒక్కొక్కటే గుర్తొస్తోంది. ఆ మేడ ముందు నేను నాటు తప్పు వేసి తిట్లు తిన్నాను. ఆ కార్లు ఆపుకునే చోట కొత్తలో దయాకర్ నాకు దొంగచాటుగా జామపండ్లు తెచ్చి ఇచ్చాడు.

ఒక ఖాళీ ప్లాటు దగ్గర అత్తమ్మ ఆగింది. నాలుగు మూలలా తెల్ల రాళ్లు, మధ్యలో గడ్డి. ఎవరో దూరాన ఉన్నవాళ్లు కొని అలా వదిలేశారు.

"ఇదేనే కళ్లం."

ఇద్దరం నిలబడ్డాం. చెరువు మీంచి గాలి లేచింది. ఆ వేళకే, ఆ మూల నుంచే. అత్తమ్మ కొంగు ఎగిరి నా మొహానికి తగిలింది. ఆమె చుట్టూ ఒకసారి చూసి ఎవరూ లేరని తేల్చుకొని, ఖాళీ చేటనే రెండు చేతులతో తలపైకెత్తి నిలబడింది. పీట లేదు, వడ్లు లేవు. రెండు కాళ్ల మీద బరువు సమంగా వేసి, కొంతసేపు అలాగే గాలికి చేట పట్టుకుంది. నాకు మామ గొంతు వినపడ్డట్టే అయింది. "మీ మామ ఉంటె..." అని అత్తమ్మ మొదలుపెట్టింది. అంతలోనే చేట దించి, "నడువు, ఆళ్లు జూస్తుంటరు," అంది.

మర్నాడు చెకప్. డాక్టర్ మోకాలి మీద చెయ్యి వేయకముందే అత్తమ్మ కుర్చీలో కూర్చొని పాదాన్ని తనే కుర్చీ కిందికి లాక్కుంది. డాక్టర్ వంగి చూశాడు. కొలత పెట్టి చూశాడు. "ఇక మత్తు అవసరం లేదమ్మా," అన్నాడు. అత్తమ్మ రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది, ఆయనకో దేవుడికో తెలియదు. తర్వాత ఆయన ఫోన్ చూసి మొహం చిట్లించాడు. "అదేంటమ్మా, ముందు పద్నాలుగు వేలు నడిచేవాళ్లు, ఇప్పుడు మూడు వేలకు పడిపోయారు? బద్ధకం చేయకూడదు."

దయాకర్ గోడ మీది బొమ్మ వైపు చూడసాగాడు. అత్తమ్మే అంది: "అప్పుడు పని జేసిన సారు. ఇప్పుడు నడుస్తున్న."

దయాకర్ అటు నుంచే బండి మీద కాలేజీకి పోయాడు. మేమిద్దరం ఎల్బీనగర్లో బస్సెక్కాం. మా డిపో బస్సే. కిటకిటలాడుతోంది. ఎవరో లేచి అత్తమ్మకు సీటిచ్చారు, ఆమె నన్ను పక్కన ఇరికించింది. కండక్టర్ కొత్తగా చేరిన అమ్మాయి. ముందు నుంచి వెనక్కి, వెనక నుంచి ముందుకి ఆ జనంలో తోసుకుంటూ తిరుగుతోంది. ఒకడు చిల్లర కోసం అరుస్తున్నాడు, ఒకామె జీరో టికెట్ ఇవ్వలేదని తిడుతోంది, స్టేజీ దాటిందని ఇంకొకరు. బ్రేకు పడినప్పుడల్లా ఆ పిల్ల నడుము సీటు రాడ్డుకు కొట్టుకుంటోంది. అత్తమ్మ కిటికీ వైపు చూడ్డం మానేసి ఆమెనే చూస్తోంది. తుర్కయంజాల్ దాటాం. అప్పటికీ చూస్తూనే ఉంది.

"నువ్వు దినాం గిట్లనే తిరుగుతవా?" అని అడిగింది.

"అవ్ అత్తమ్మా."

"పొద్దుగాల నుంచి మాపటి దాకనా?"

"మరి! ట్రిప్పు మీద ట్రిప్పు."

అత్తమ్మ తన చేతి పట్టీ విప్పింది. నా చెయ్యి లాక్కొని నా మణికట్టుకు కట్టడం మొదలుపెట్టింది. ఆ చిన్న కొక్కెం ఆమె వేళ్లకు ఒక పట్టాన చిక్కలేదు. నేను సాయం చేయబోతే నా చెయ్యి మీద కొట్టింది.

"ఇది నీదత్తమ్మా, నాకెందుకు? నాకు కాలు మంచిగనే ఉన్నది గదా."

"కూసున్నదాన్ని, నాకు గన్ని వేలు జూపెట్టింది. నువ్వు ఇరవై ఏండ్ల సంది జేస్తున్నవ్, ఒక్కలు లెక్కవెట్టలే. నేను గూడ వెట్టలే." కొక్కెం పడింది. నా చెయ్యి వదలలేదు. "ఇంటికి పోయినంక గూడ ఇప్పకు. వంట జేసేటప్పుడు గూడ ఉండనియ్యి, బట్టలు పిండేటప్పుడు గూడ ఉండనియ్యి. నా కొడుకు ఫోన్ల వడ్తది గదా. వాడు గూడ జూడాలె."

బస్సంతా వినపడేలా అరిచే నేను కొంగుతో కళ్లు తుడుచుకున్నాను. ఆ కండక్టర్ పిల్ల మా దగ్గరికొచ్చి, "అక్కా, ఏమైంది?" అని అడిగింది. ఏమీ కాలేదని తల ఊపాను. అత్తమ్మ పక్కకు జరిగి, "నువ్వు గూడ రెండు నిమిషాలు కూసో బిడ్డా," అని ఆ పిల్లకు ఇంత చోటు చూపించింది.